మాటకు శిక్ష

రెండేండ్ల కిందట మా కళాశాల వక్తృత్వ పోటీలలో ఒక అబ్బాయికి నేను మొదటి బహుమతి ఇచ్చాను. ఆ బహుమతిని గురించి నా మనస్సులో ఒక ముల్లు నాటుకొని ఉండిపోయింది. వార్షిక సంచికకు ఏదైనా సాహిత్య వ్యాసం ఇమ్మని సంపాదకవర్గం వారు అడిగితే, ఈసారికి సాహిత్యాన్ని పక్కన పెట్టి ఆ ముల్లును గురించే రాస్తానని మనవి చేసుకున్నాను.

పోటీ అంశం పాలస్తీనా సమస్య. ఆ అబ్బాయిది మా చాపాడు పక్కన ఒక పల్లె. కళాశాలకు వచ్చే బస్సులో చాలా దినాలు నా ముందు సీటులోనే కూర్చునేవాడు. తెలుగు ఉచ్చారణ స్వచ్ఛమైనది. ళకారానికి లకారం పలికే అలవాటు లేదు. గాజాలో శిథిలాల కింద చిక్కిన పసిబిడ్డలను గురించి అతడు చెబుతుంటే సభ అంతా నిశ్శబ్దమైపోయింది. నా కళ్లు చెమర్చాయి. ఆ తరువాతి రెండు నిమిషాలు చెవిన పడినా బుద్ధికి ఎక్కలేదు. ప్రపంచంలోని బ్యాంకులు, పత్రికలు, యుద్ధాలు అన్నీ యూదుల పెద్దలు కొందరు రహస్యంగా కూర్చుండి వేసుకున్న పథకం ప్రకారం నడుస్తున్నాయనీ, ఆ పథకం అచ్చుపుస్తకంగా దొరికిందనీ అతడు చెప్పాడు. చప్పట్లు మోగాయి. నేను పదికి తొమ్మిది మార్కులు వేశాను.

సాయంత్రం అధ్యాపకుల గదిలో మా చరిత్ర అధ్యాపకులు, నాకన్న పదేండ్లు పెద్దవారు, టీ తాగుతూ అడిగారు: "ఏం సార్, ఆ పిల్లోని తెలుగు బాగుందని బహుమతి ఇచ్చినారా, వాడు చెప్పిన చరిత్ర బాగుందని ఇచ్చినారా?" నేను సమాధానం చెప్పలేదు. ఆయన కప్పు కింద పెట్టి ఆ "పథకం" కథ చెప్పారు. ఇంటికి వెళ్లి నేను మరికొంత చదువుకున్నాను.

ఆ పుస్తకాన్ని "సియోను పెద్దల ప్రోటోకాల్స్" అంటారు. 1903లో రష్యాలో ఒక పత్రికలో మొదట వెలువడింది. 1864లో మోరిస్ జోలీ అనే ఫ్రెంచి న్యాయవాది మూడవ నెపోలియను పాలనపై ఒక వ్యంగ్య రచన చేశాడు. అందులో యూదుల ప్రసక్తే లేదు. ఆ వాక్యాలనే దొంగిలించి, రాజు స్థానంలో యూదులను కూర్చోబెట్టి ఈ కూటరచన తయారు చేశారు. 1921లోనే లండన్ టైమ్స్ పత్రిక రెండు గ్రంథాలలోని వాక్యాలను పక్కపక్కన అచ్చువేసి ఈ చౌర్యాన్ని బయటపెట్టింది. అంటే ఆ అబ్బాయి వేదికపై చెప్పిన మాట వంద సంవత్సరాల కిందటే దొంగదని తేలిపోయిన మాట. అది రష్యా నుంచి జర్మనీకి, జర్మనీ నుంచి అరబ్బు దేశాలకు, అక్కడి నుంచి ఎవరి చేతిలోని ఫోనులోనో ఎక్కి కుందూ ఒడ్డుకు వచ్చింది. వచ్చి నా చేత బహుమతి కూడా పుచ్చుకుంది.

మరుసటి దినం అబ్బాయిని పిలిచి చెప్పాను. ముఖం చిన్నబుచ్చుకున్నాడు. రెండు దినాల తరువాత తానే వచ్చాడు.

"సార్, ఇదే మాట జర్మనీలో చెప్పింటే నన్ను జైల్లో పెడతారంట కదా. నిజమేనా?"

పెట్టగల చట్టం ఉంది అన్నాను.

"అట్లయితే సార్, అక్కడ ఇట్లాంటి మాటలు ఎవరూ మాట్లాడరా?"

నాకు సమాధానం తోచలేదు. పిల్లవాని ప్రశ్నే అయినా ఐరోపాలోని న్యాయకోవిదులు ఎనభై ఏండ్లుగా దానికి జవాబు వెతుకుతూనే ఉన్నారని తరువాత తెలిసింది.

ద్వేషభాషణను శిక్షించే చట్టాలు హిట్లరుకు ముందు జర్మనీలో లేవని చాలామంది అనుకుంటారు. లేకపోలేదు. యూలియుస్ స్ట్రైఖర్ అనే నాజీ 1923 నుంచి యూదులపై విషం చిమ్ముతూ ఒక పత్రిక నడిపాడు. అతనిపై పలుమార్లు అభియోగాలు నడిచాయి. జైలుకు కూడా వెళ్లాడు. ప్రతి విచారణనూ తన పత్రికకు ప్రచారంగా మార్చుకున్నాడు. 1933లో అతని పక్షం చేతికే రాజ్యం వచ్చింది. ఇక శిక్షించేవారెవరు? చివరికి 1946లో నూరెంబర్గులో ఉరికంబం ఎక్కాడు. అప్పటికి అరవై లక్షల మంది యూదులు హతమైపోయారు.

ఇంతకంటె విచిత్రమైనది బెర్న్ వ్యాజ్యం. 1933లో స్విట్జర్లాండులో నాజీ అభిమానుల సభలో పైన చెప్పిన పుస్తకాన్ని అమ్మగా, అక్కడి యూదు సంఘాలు హానికర సాహిత్యాన్ని నిషేధించే స్థానిక శాసనం కింద న్యాయస్థానానికి వెళ్లాయి. సాక్షులను, నిపుణులను విచారించి 1935లో న్యాయమూర్తి ఆ పుస్తకం కూటరచన, చౌర్యం అని తీర్పు చెప్పాడు, జరిమానా విధించాడు. 1937లో పై న్యాయస్థానం ఆ శిక్షను కొట్టివేసింది. పుస్తకం నిజమని కాదు, రాజకీయ రచన ఆ శాసనం పరిధిలోకి రాదని. శిక్ష నిలవలేదు గాని, ప్రమాణపూర్వకంగా చెప్పిన సాక్ష్యం అంతా కాగితం మీద నిలిచింది. తొంభై ఏండ్ల తరువాత ప్రొద్దుటూరు తాలూకా పల్లె పిల్లవానికి ఇది అబద్ధం అని నేను ధైర్యంగా చెప్పగలగడానికి ఆ కాగితం కూడా ఒక ఆధారం. చట్టం ఓడిన చోట విచారణ గెలిచిందని నాకు తోచింది.

యుద్ధం తరువాత ఐరోపా చట్టాలకు పదును పెట్టింది. 1959 క్రిస్మస్ నాటి రాత్రి కొలోన్ నగరంలో, కొద్ది నెలల కిందటే పునరుద్ధరించిన యూదు ప్రార్థనాలయం గోడలపై స్వస్తికలు రాశారు. ఆ వెంటనే దేశమంతా అట్టి రాతలు వ్యాపించాయి. 1960లో జర్మను శిక్షాస్మృతి 130వ విభాగాన్ని సవరించి, ఒక జనవర్గంపై ద్వేషం రెచ్చగొట్టడాన్ని నేరం చేశారు. ఫ్రాన్సు 1972లో ప్లెవెన్ చట్టం, 1990లో గేసో చట్టం తెచ్చింది. రెండవ దానితో నాజీల నరమేధం జరగనే లేదనడం కూడా నేరమైంది.

ఈ గేసో చట్టం కింద శిక్షపడిన వారిలో ఒకరిని గురించి మన విద్యార్థులు తప్పక తెలుసుకోవాలి. రోజే గారోదీ ఫ్రెంచి తత్త్వవేత్త. పూర్వం కమ్యూనిస్టు, 1982లో ఇస్లాం స్వీకరించాడు. మనవారి గ్రంథాలయాలలో ఆయన పేరు గౌరవంగా వినబడేది. ఆయన 1990ల మధ్యలో ఒక పుస్తకం రాసి, యూదుల నరమేధాన్ని శంకించాడు. 1998లో పారిస్ న్యాయస్థానం శిక్షించింది. 2003లో ఐరోపా మానవ హక్కుల న్యాయస్థానం ఆయన విజ్ఞప్తిని స్వీకరించనే లేదు. చట్టం తన పని తాను చేసింది. కాని ఫలితమేమిటి? ఆ విచారణ వలననే ఆయన అరబ్బు దేశాలలో వీరుడైనాడు. సత్యం చెప్పినందుకు పడమటివారు ముసలివాణ్ణి వేధిస్తున్నారని కొనియాడారు. ఆ పుస్తకంలో సాక్ష్యం ఎంత అని అడిగినవారు మనలో తక్కువ. మన పక్షాన నిలిచిన పెద్దమనిషి చెప్పిన అబద్ధం మనకు అబద్ధంగా కనిపించదు. నా తొమ్మిది మార్కులు కూడా ఈ కోవలోనివే.

దీనికి ఎదురుగా మరొక వ్యాజ్యం ఉంది. డేవిడ్ ఇర్వింగ్ అనే ఆంగ్లేయ రచయితను నరమేధాన్ని కాదనేవాడని అమెరికా ఆచార్యురాలు డెబొరా లిప్‌స్టాట్ రాసింది. అతడే ఆమెపై పరువునష్టం దావా వేశాడు. ఇంగ్లండులో నరమేధాన్ని కాదనడం నేరం కాదు. అందుచేత అక్కడ శిక్ష మాట రాలేదు, ఆధారాల మాట వచ్చింది. చరిత్రకారులు అతని పుస్తకాలలోని ఒక్కొక్క పాదసూచికను తీసి మూలపత్రాలతో సరిపోల్చారు. 2000 సంవత్సరం ఏప్రిల్‌లో న్యాయమూర్తి అతడు చరిత్రను బుద్ధిపూర్వకంగా వక్రీకరించాడని తీర్పు చెప్పాడు. 2006లో అదే ఇర్వింగుకు ఆస్ట్రియాలో మూడేండ్ల జైలుశిక్ష పడితే, లిప్‌స్టాట్ దానిని హర్షించలేదు. ఆమెకు కావలసినది అతని సంకెళ్లు కావు. నాకు ఆమె పట్ల గౌరవం కలిగింది అక్కడే.

అయితే సాక్ష్యం చాలును, చట్టం అక్కరలేదు అని తేల్చివేయగలమా? 2019 అక్టోబరు 9న జర్మనీలోని హాలే నగరంలో, యూదుల పవిత్ర ఉపవాస దినాన, ఒకడు తుపాకితో ప్రార్థనాలయం మీదికి వచ్చాడు. లోపల యాభై మందికి పైగా ఉన్నారు. ద్వారం వద్ద పోలీసు కాపలా లేదు. గట్టి తలుపు విరగలేదు గనుక వారు బ్రతికారు. బయట ఇద్దరు ప్రాణాలు కోల్పోయారు. 130వ విభాగం పుట్టి అప్పటికి దాదాపు అరవై ఏండ్లు. చట్టం ఆపలేకపోయినదానిని ఒక తలుపు ఆపింది. ఫ్రాన్సులో 2012లో తులూజ్ నగరపు యూదు పాఠశాలలో ఒక అధ్యాపకుణ్ణి, ముగ్గురు పసివాళ్లను చంపినవాడు, 2015 జనవరిలో పారిస్ యూదు దుకాణంలో నలుగురిని చంపినవాడు మన మతం పేరు చెప్పుకున్నవారే. ఈ సంగతి రాస్తుంటే నా కలం బరువెక్కుతున్నది. ఆ దుకాణంలోనే పనిచేసే లసానా బాతిలీ, మాలీ దేశపు ముస్లిం యువకుడు, కొనుగోలుదారులను కింది అంతస్తు శీతల గదిలో దాచి కాపాడాడు. అతనికి ఏ చట్టం ఆజ్ఞాపించింది?

2024లో ఐరోపా సమాఖ్య హక్కుల సంస్థ పదమూడు దేశాల యూదులను విచారించి వెలువరించిన నివేదికలో, అంతకు ముందు ఏడాదిలో ఏదో ఒక రూపంలో తమ జాతిపై ద్వేషాన్ని ఎదుర్కొన్నామని చెప్పినవారు నూటికి 96 మంది. అప్పుడప్పుడైనా తమ యూదుతనాన్ని దాచుకుంటామన్నవారు 76 మంది. ఆ విచారణ 2023 అక్టోబరు 7న హమాస్ దాడికి, ఆ తరువాతి గాజా యుద్ధానికి మునుపటిది. తరువాత పరిస్థితి మరింత విషమించింది. అబ్బాయి రెండవ ప్రశ్నకు ఇదీ జవాబు: మాట్లాడుతారు, నాయనా. చట్టం ఉన్నా మాట్లాడుతారు.

చట్టం గీత దాటడమూ ఉన్నది. 2023 అక్టోబరులో ఫ్రెంచి ప్రభుత్వం పాలస్తీనా అనుకూల ప్రదర్శనలన్నిటినీ నిషేధించబోగా, దేశమంతటికీ కట్టగట్టి నిషేధించరాదు, ఏ ప్రదర్శనకు ఆ ప్రదర్శనను విడిగా పరిశీలించాలని అక్కడి అత్యున్నత పాలన న్యాయస్థానం చెప్పవలసి వచ్చింది. ఒక రాజ్యం చేసే పనిని దూషించడం వేరు, ఒక జాతిని దూషించడం వేరు. గాజా బిడ్డలకై కన్నీరు కార్చిన ఆ అబ్బాయి మొదటి ఎనిమిది నిమిషాలలో ఒక్క మాట కూడా తప్పు కాదు. అవి ఈనాటికీ బహుమతికి అర్హమైనవే.

ఇంతదూరం ఐరోపా గురించి మాట్లాడి మన ఇంటి మాట దాటవేయడం భావ్యం కాదు. యూదుడు అన్నవాణ్ణి కంటితో చూడని మన ప్రాంతంలో యూదుడి మీద చులకన ఎక్కడిది? అధిక వడ్డీ పిండేవాణ్ణి మన పత్రికలు షైలాక్ అంటాయి. షేక్స్‌పియరు నాటకం పందొమ్మిదవ శతాబ్దంలోనే తెలుగులోకి వచ్చింది. గుండె దగ్గరి మాంసం కోసుకుంటానన్న ఆ వడ్డీవ్యాపారి మన పాఠ్యపుస్తకాలలో, రంగస్థలాలలో చొరబడ్డాడు. మనిషి రాకముందే తిట్టు వచ్చింది. నేను కూడా తరగతిలో ఆ కథ చెప్పి పిల్లలను నవ్వించినవాణ్ణే. మా ఇంట్లో మరొక దారి. చిన్ననాడు నేను మిఠాయి దాచుకొని తమ్మునికి పెట్టకపోతే మా దాదీ "యహూదీ!" అని కసరేది. ఆమెకు కోపం లేదు, ద్వేషం అంతకన్నా లేదు. అయినా ఆ మాటకు పిసినారి అనే అర్థం నా మనస్సులో స్థిరపడింది. మా బంధువులలో మూసా, దావూద్, సులేమాన్, యాకూబ్ అనే పేర్లవారున్నారు. అవన్నీ యూదుల ఇండ్లలోనూ ఉండే పేర్లే అని నాకు ముప్పై దాటాక గాని తట్టలేదు.

కంటితో చూడలేదు అన్నాను గాని, మన రాష్ట్రంలో యూదులు లేకపోలేదు. గుంటూరు జిల్లా చేబ్రోలు సమీపంలో కొత్తరెడ్డిపాలెంలో బెనె ఎఫ్రాయిం అని చెప్పుకొనే చిన్న సమాజం ఉన్నది. మాదిగ కుటుంబాలకు చెందినవారు. క్రైస్తవం నుంచి 1980ల చివర యూదుమతంలోకి వచ్చారు. హీబ్రూ ప్రార్థన నేర్చుకొని తెలుగులో బ్రతుకుతున్నారు. 2013లో యూలియా ఎగోరోవా, షాహిద్ పర్వేజ్ అనే పరిశోధకులు వారిపై ఒక గ్రంథమే ప్రకటించారు. అట్టి కుటుంబాలకు మన గడ్డమీద తరతరాలుగా తగిలిన తిట్టు యూదుతనానిది కాదు, కులానిది.

ఆ తిట్టుకు మన దేశంలో చట్టం ఉంది. 1985 జూలైలో కారంచేడులో జరిగిన మారణకాండ తరువాత దేశమంతటా లేచిన ఆందోళన నేపథ్యంలో, 1989లో అత్యాచారాల నిరోధక చట్టం వచ్చింది. నలుగురిలో కులం పేర దూషించడం కూడా అందులో నేరం. ఆ చట్టం వచ్చిన రెండేండ్లకే, 1991 ఆగస్టులో, చుండూరు జరిగింది. 2007లో ప్రత్యేక న్యాయస్థానం శిక్షలు వేసింది. 2014లో హైకోర్టు అందరినీ విడిచిపెట్టింది. అయినా చట్టం వ్యర్థమని నేను అనలేను. మా ఊరి బస్సుస్టాండు టీ దుకాణం దగ్గర, నా చిన్నతనంలో పెద్దమనుషులు కులం పేరుతో కలిపి పలికే కొన్ని తిట్లు ఈనాడు పైకి వినబడవు. నాలుక చివరకు వచ్చి ఆగిపోతాయి. "కేసవుతాది" అని పక్కవాడు మోచేతితో పొడుస్తాడు. వారి మనస్సు మారిందని కాదు. ఇంటికి పోయి అనుకుంటూనే ఉంటారు. కాని అక్కడే టీ గ్లాసులు కడిగే పదేండ్ల పిల్లవాడు ఆ మాట వినకుండా పెరుగుతున్నాడు. ఇది చిన్న విషయం కాదు. చట్టం హృదయంలోకి పోలేదు, వీధిదాకా వస్తుంది.

అది అందరి వీధికీ సమానంగా వస్తున్నదా అన్నదే నా బాధ. రెండు మతాల మధ్య వైరం రేపే మాటకు భారత శిక్షాస్మృతిలో 153-ఎ ఉండేది; 2024 జూలై నుంచి భారతీయ న్యాయ సంహితలో 196వ విభాగం. ఈ కేసును న్యాయస్థానం విచారణకు తీసుకోవాలంటే ముందుగా ప్రభుత్వం అనుమతించాలి. తాళం న్యాయమూర్తిదే, తాళంచెవి మాత్రం ప్రభుత్వం మొలలో ఉంటుంది. ద్వేషప్రసంగం పైన ఫిర్యాదు లేకున్నా కేసు నమోదు చేయాలని సుప్రీంకోర్టు 2023 ఏప్రిల్‌లో అన్ని రాష్ట్రాలకూ ఆదేశించింది; నమోదు వేరు, నడపడం వేరు.

2012 డిసెంబరులో నిజామాబాదు, నిర్మల్ సభలలో చేసిన ప్రసంగాలకు అక్బరుద్దీన్ ఒవైసీ అరెస్టయ్యారు. తొమ్మిదేండ్లు దాటాక, 2022 ఏప్రిల్‌లో హైదరాబాదు ప్రత్యేక న్యాయస్థానం నిర్దోషి అన్నది. అదే సంవత్సరం ఆగస్టులో, మన ప్రవక్తను గురించిన వీడియోపై శాసనసభ్యులు రాజాసింగ్ అరెస్టయి, నోటీసు పద్ధతి పాటించలేదని ఆనాడే విడుదలై, మళ్లీ ముందస్తు నిర్బంధ చట్టం కింద జైలుకు వెళ్లారు. నవంబరులో తెలంగాణ హైకోర్టు ఆ నిర్బంధాన్ని కొట్టివేసింది. ఒక మాటకు తొమ్మిదేండ్ల ఆలస్యం; ఇంకొక మాటకు విచారణ లేని జైలు. ఐరోపావారి చట్టాలను తూచేముందు ఈ రెండింటిని తూచుకోవాలి.

నా త్రాసును కూడా చూపించాలి గదా. ఏప్రిల్‌లో తీర్పు విని నేను ఊపిరి పీల్చుకున్నాను. నిర్మల్ ప్రసంగం వింటూ నా హిందూ సహాధ్యాయి ఒకడు పొందిన భయాన్ని నేను తలచనైనా తలచలేదు. నవంబరులో తీర్పు విని ఆ రాత్రి అన్నం తినలేదు. ఒక్క ఏడాదిలో ఒక్క మనిషిలో రెండు న్యాయాలు. జర్మనీ పోలీసులు, పారిస్ న్యాయమూర్తులు, ఎవరూ నాలోకి వచ్చి దీనిని సరిచేయలేరు.

హింసకు పురికొల్పే మాటకు శిక్ష ఉండవలసినదే అని నా అభిప్రాయం. అల్పసంఖ్యాకుడు రాత్రిపూట తలుపు వేసుకొని నిద్రపోవాలంటే ఆ మాత్రం హామీ కావాలి. అబద్ధానికి మాత్రం జైలు కంటె మూలపత్రం మంచి మందు. ఎవరి పక్షాన ఆ అబద్ధం చెప్పబడుతున్నదో వారే దానిని కాదనాలి. యూదులపై కల్పించిన మాటను పారిస్ న్యాయస్థానం కాదంటే ఆ అబ్బాయి వినడు. చాపాడు సాయిబు, వాని తెలుగు అధ్యాపకుడు, కాదంటే వింటాడేమో.

అబ్బాయి నా బల్ల ముందు ఇంకా నిలబడే ఉన్నాడు. "బహుమతి వాపసు ఇయ్యల్నా సార్?" అని అడిగాడు. వద్దన్నాను. తప్పు మార్కులు వేసినది నేను. ఆ మాట నీకు ఎవరు పంపారో వారికి ఇప్పుడు తెలిసినది పంపు అన్నాను. పంపాడట. పంపించిన పెద్దమనిషి అతణ్ణి ఆ గుంపులోనుంచి తీసివేశాడట.

ఈ సంవత్సరం పోటీలలో అతడు మళ్లీ అదే అంశం ఎంచుకున్నాడు. గాజా బిడ్డల మాట అంతే ఆర్ద్రంగా చెప్పాడు. హాలే తలుపు మాట చెప్పాడు. బాతిలీ మాట చెప్పాడు. ఈసారి చప్పట్లు కొంచెం తక్కువగానే వచ్చాయి. మూడవ బహుమతి. న్యాయనిర్ణేతలలో నేను లేను. రెండేండ్ల కిందటి ప్రశంసాపత్రం వాళ్లింట్లో గోడకు ఇంకా వేలాడుతున్నదనీ, తీసివేద్దామంటే వాళ్లమ్మ ఒప్పుకోవడం లేదనీ బస్సులో చెప్పాడు. దాని కింద నా సంతకం ఉంది.